వెనక వేసిన పట్టీ

లారీ రోడ్డు మీద నిలబడట్లేదని డ్రైవరు చెబితే ఓనరు ముందుగా అనుమానించేది స్టీరింగ్ బాక్సునే. చేతికి తెలిసేది అదే కదా. బాక్సు మీద సర్దుబాటు స్క్రూ ఒకటుంటుంది. దాన్ని కాస్త బిగిస్తే ప్లే తగ్గినట్టే ఉంటుంది, కానీ మలుపు తిరిగి చేయి వదిలితే స్టీరింగ్ వెనక్కి రాదు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి బాక్సు లోపల అరుగుదల నడిమధ్యనే ఎక్కువ. అక్కడి వదులుకు సరిపడా బిగిస్తే, అరగని పక్కలు పట్టేస్తాయి. పెదవేగి నుంచి ఏలూరు వచ్చే దారిలో నేను తరచూ కూర్చునే షెడ్డులో మేస్త్రి ఆ స్క్రూ జోలికి అన్నిటికన్నా చివర్న వెళతాడు. ఆయన మీద నాకు గురి కుదిరింది అందుకే.

ఆయన నేల దగ్గర మొదలుపెడతాడు. ముందు టైర్లలో గాలి చూస్తాడు, తర్వాత టైరు మీద అడ్డంగా అరచేయి రాస్తాడు. ఒకవైపు రాస్తే నున్నగా, తిరిగి రాస్తే గరుగ్గా తగిలితే రెండు చక్రాల మధ్య టో, అంటే ముందూ వెనకా దూరాల తేడా, తప్పిందని లెక్క. ఆ తర్వాత యాక్సిల్ కింద జాకీ పెట్టి, టైరు కింద పలుగు దూర్చి పైకి ఎత్తి చూస్తాడు, పైనా కిందా పట్టుకుని ఊపుతాడు. కదిలితే క్లీనర్ని బ్రేకు తొక్కి పట్టమంటాడు. తొక్కగానే ఊగడం ఆగిందా, హబ్ బేరింగు. ఆగలేదా, చక్రం పక్కలకు తిరిగే ఇరుసైన కింగ్ పిన్ను. బ్రేకు పట్టేసరికి హబ్బూ, అది కూర్చున్న స్టీరింగ్ నకులూ ఒకటైపోతాయి, ఇక మిగిలిన కదలిక పిన్నుదీ బుష్షుదీ. ఖర్చు లేని పరీక్ష. ఇది చేయకుండానే కంప్యూటర్ మీద అలైన్‌మెంట్ చేసి బిల్లు ఇచ్చే చోట్లు కూడా చూశాను. పిన్ను అరిగిన బండికి టో సరిచేస్తే అది గేటు దాటేదాకా కూడా నిలవదు.

గ్రీజు సంగతీ అంతే. చక్రాలు నేల మీదుండగా గన్ను నొక్కితే, బరువుకి అదిమి ఉన్న కింది త్రస్ట్ బేరింగులోకి గ్రీజు సరిగా దూరదు. యాక్సిల్ లేపి, నల్లటి పాత గ్రీజు బయటపడి కొత్తది కనబడేదాకా కొట్టాలి. కొల్లేటి చేపల బళ్ళకి ఇది మరీ అవసరం. ట్రేల్లో ఐసు కరుగుతున్నంతసేపూ నీళ్ళు ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి, దానికి చెరువు గట్ల బురద తోడు.

ఇదంతా బాగానే ఉన్నా బండి ఊగే కేసులుంటాయి. నాకు ఆసక్తి కలిగించేవి అవే. కైకలూరు వైపు చెరువుల దగ్గర చేపలెత్తి, వెయ్యి కిలోమీటర్ల పైన హౌరాకు పోయే లారీని అనుకోండి. లోడు మీద రాయిలా పోతుంది, ఖాళీ ట్రేలతో తిరిగొచ్చేటప్పుడు మాత్రం పక్కలకు లాగుతుంది. డ్రైవరు ముందు యాక్సిల్ అంటాడు. మేస్త్రి వెనక్కి వెళ్ళి కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెడతాడు.

సైకిలు ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది, చేతులు వదిలినా తిన్నగా పోవడానికి ఆ వాలు ఎంతో సాయం. లారీలో కింగ్ పిన్ను కూడా అలాగే పైభాగం వెనక్కి, కొద్ది డిగ్రీలు వాలి ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటారు. మలుపు తర్వాత చక్రాలు వాటంతటవే సూటిగా రావడానికి అదే ఆధారం. ఎక్కువ లోడు కోసం వెనక కట్టలో అదనపు పట్టీ వేయిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం లేస్తుంది, ముక్కు వంగుతుంది, దాంతో పాటే పిన్ను నిటారవుతుంది. ముందు చక్రాల మీద చేయి పెట్టినవాడు లేడు, అయినా వాటి గుణం మారిపోయింది.

దేశంలో మూడు యాక్సిళ్ళ లారీకి అనుమతించిన మొత్తం బరువు 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అదనపు పట్టీలతో అంతకు ముందే అంతకన్నా ఎక్కువ మోసిన బళ్ళు తక్కువేమీ కాదు. పెదవేగి ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీకి పామాయిల్ గెలలు తెచ్చే బళ్ళది దగ్గర దారి, నెమ్మది నడక. వాటిలో ఈ క్యాస్టర్ లోపం ఉన్నా పెద్దగా బయటపడదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద తాడేపల్లిగూడెం దాటి వేగం అందుకున్న బండిలో మాత్రం అది దాగదు. నల్లరేగడి కుంగి అలలు తేలిన కైకలూరు, ఆకివీడు దారుల్లో ఇంకో తిప్పలు. గతుకులో యాక్సిల్ పైకి లేచేటప్పుడు తిరిగే వంపు వేరు, స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింకు తిరిగే వంపు వేరు. ఆ రెండూ పొసగకపోతే డ్రైవరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. ముందు కట్టలు కుంగిన బండిలో ఇది ఎక్కువ. కొత్త డ్రైవరు దాన్ని సరిచేయబోయి రెండోవైపు ఎక్కువ తిప్పుతాడు.

పన్నెండు టైర్ల బండికైతే తిరిగే యాక్సిళ్ళు ముందువైపు రెండు. మలుపులో మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ తిరగాలి. ఒకే యాక్సిల్‌లోనైనా లోపలి చక్రం బయటిదానికన్నా ఎక్కువ తిరగాలన్న సూత్రం గుర్రపు బగ్గీల నాటిది. కనిపెట్టింది మ్యూనిక్‌లో బళ్ళు కట్టే లాంకెన్‌స్పెర్గర్. కానీ ఆయన తరఫున 1818లో లండన్‌లో పేటెంటు తీసుకున్న ఆకెర్‌మన్ పేరే నిలిచింది. మేస్త్రికి ఈ కథ చెబితే నవ్వి, "పని మాదండి, బోర్డు ఓనరుదండి" అన్నాడు.

వెనక వేసిన ఆ అదనపు పట్టీ తీసేయమంటే ఓనరు ఒప్పుకోడు. అప్పుడు మిగిలేది ముందు యాక్సిల్‌కీ కట్టకీ మధ్య పెట్టే ఏటవాలు ప్లేటు మార్చడం. దాని మందపు అంచు వెనక్కి ఉండాలి. కట్టలు విప్పి మళ్ళీ బిగించినప్పుడు తిరగేసి పెట్టేవాళ్ళున్నారు, అప్పుడు ఉన్న వాలు కూడా పోతుంది. "ఖాళీకి సరిపెడితే లోడు మీద స్టీరింగు బరువెక్కుద్దండి, చూసుకోవాలి మరి" అని మేస్త్రి ముందే చెబుతాడు. ప్లేటు వేశాక డ్రైవరుకి ఒక్కటే హెచ్చరిక: ఒక లోడు తిరగగానే యూ బోల్టులు మళ్ళీ బిగించాలి. అవి వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. హౌరాలో బిగించినా సరే, ఏలూరు దాకా ఆగొద్దు.