నేరాంగీకారం, అధికారి హోదా: కర్తార్‌సింగ్ తీర్పుపై ఒక పరిశీలన

బ్రిటిష్ పాలకులు ఈ దేశ ప్రజల మీద ప్రేమతో చట్టాలు చేసినవారు కారు. అయినా 1872లో వారు చేసిన సాక్ష్య చట్టం 25వ సెక్షన్, పోలీసు అధికారికి నిందితుడిచ్చిన నేరాంగీకారాన్ని అతనిపై రుజువుగా వాడరాదని శాసించింది. ఠాణా నాలుగు గోడల మధ్య ఏమి జరుగుతుందో వారికి బాగా తెలుసు. పోలీసులు వారి పోలీసులే గదా!

స్వతంత్ర భారతంలో ఈ రక్షణకు పెద్ద గండి పడింది 1987లో. ఆ ఏటి టాడా చట్టం 15వ సెక్షన్ ప్రకారం, సూపరింటెండెంటుకు తగ్గని హోదాగల పోలీసు అధికారి నమోదు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లుతుంది. 1994 మార్చి 11న కర్తార్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల ధర్మాసనం మెజారిటీ అభిప్రాయంతో దీనిని సమర్థించింది. ఈ అంశంలో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ విభేదించారు.

మెజారిటీ తీర్పు చదివినవారికి ఒక వింత కనిపిస్తుంది. పోలీసులు చిత్రహింసలకు పాల్పడుతున్నారన్న సంగతిని న్యాయమూర్తులు కాదనలేదు. అటువంటి కేసులు తమ ముందుకు తరచు వస్తున్నాయని వారే ఒప్పుకున్నారు. ఒప్పుకుని, అధికారి హోదా మీద భరోసా ఉంచారు. కాని సూపరింటెండెంటు దర్యాప్తుకు దూరంగా నిలిచిన తటస్థుడా? కేసు తేలితే మెప్పు, తేలకపోతే మాట దక్కేది ఆయనకే. క్రింది గదిలో దెబ్బలు తిన్నవాడు పై గదిలోని అధికారి ముందు కూర్చుని నోరు విప్పినంత మాత్రాన అతని మాట స్వేచ్ఛగా పలికిన మాట అయిపోదు. రాత్రికి అతడు తిరిగి వెళ్ళవలసింది ఆ క్రింది గదికే.

ఇస్లామీయ న్యాయశాస్త్రానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇఖ్రార్, అంటే నేరాంగీకారం, బలమైన రుజువే. అయితే అది ఇక్రాహ్, అంటే బలవంతం, లేనప్పుడు మాత్రమే. ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఖాజీ అబూ యూసుఫ్, కొట్టి రాబట్టిన ఒప్పుకోలుకు విలువ లేదన్నారు. అయితే ముస్లిం పాలకులందరూ ఈ హద్దు పాటించారని చెప్పుకోవడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. చెడ్డపేరున్న అనుమానితుని కొట్టవచ్చునని ఇబ్నె ఖయ్యిం వంటి పండితులు సైతం వాదించారు. రాజ్యరక్షణ పేరిట సడలింపులు కోరడం ఏ ఒక్క మతస్థుల అలవాటూ కాదు.

కర్తార్‌సింగ్ తీర్పు కొన్ని జాగ్రత్తలు సూచించింది. వాటిలో ముఖ్యమైనది, ఒప్పుకున్న నిందితుని ఆలస్యం లేకుండా చీఫ్ మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం. 2002 నాటి పోటా చట్టం దీనికి 48 గంటల గడువు పెట్టి, ఆ తరువాత నిందితుని జుడీషియల్ కస్టడీకి పంపాలని కూడా చేర్చింది. కాగితం మీద ఇంతకంటే ఏమి కావాలి? ఆ కాగితానికి పరీక్ష అక్షరధామ్ కేసులో జరిగింది.

2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని ఆ ఆలయంపై జరిగిన దాడిలో 30 మందికి పైగా బలి అయ్యారు. దైవదర్శనానికి వెళ్ళినవారిని చంపడం ఎంతటి ఘాతుకమో చెప్పనక్కరలేదు. దోషులను పట్టుకోవడం ప్రభుత్వ విధి. ఆరుగురిపై కేసు నడిచింది. 2006లో ముగ్గురికి మరణశిక్ష పడింది. 2010లో హైకోర్టు ఖాయపరచింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. (అది లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు, ఈ తీర్పు ఎందరి కంటబడి ఉంటుంది?) నేరాంగీకారాలు స్వచ్ఛందమైనవని కోర్టు నమ్మలేదు. మేజిస్ట్రేటు హింస సంగతి సరిగా విచారించలేదనీ, నిందితులను జుడీషియల్ కస్టడీకి పంపలేదనీ తేల్చింది. తూటాలకు చిల్లులు పడి నెత్తురోడిన దుస్తుల జేబులలో దొరికాయన్న ఉర్దూ లేఖలకు నెత్తురు మరకైనా లేకపోవడం కూడా న్యాయమూర్తుల దృష్టికి వచ్చింది. కేసు కట్టినవారికి ఈ మాత్రం శ్రద్ధ లేకపోయింది! ఆరుగురి యౌవనం పోయింది. మరణించినవారి కుటుంబాలకు, హంతకులకు తోడ్పడినవారెవరో తెలియలేదు. తప్పుడు ఒప్పుకోలు వల్ల నష్టపడిన ఈ రెండవ పక్షాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

టాడా 1995లో గడువు తీరి పోయింది. పోటాను 2004లో రద్దు చేశారు. పోలీసుల ముందు ఒప్పుకోలును సాక్ష్యంగా అంగీకరించే నిబంధన నేటి యు.ఏ.పి.ఏ. చట్టంలో లేదు. దీనితో ఊరట చెందవచ్చునా? 2008లో చేర్చిన 43డి(5) సెక్షన్ ప్రకారం, కేసు డైరీనో ఛార్జిషీటునో చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే కోర్టు బెయిలు ఇవ్వరాదు. ఆ దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచరాదని 2019లో సుప్రీంకోర్టు వటాలీ కేసులో చెప్పింది. అంటే పోలీసు వ్రాసిన ఒప్పుకోలు స్థానంలో పోలీసు వ్రాసిన ఛార్జిషీటు వచ్చి కూర్చున్నది. శిక్ష వేయడానికి అది చాలదు, నిజమే. విచారణ ముగిసేవరకు లోపల ఉంచడానికి చాలు. 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడు ఐదేళ్ళకు పైగా జైలులో ఉన్నాడనీ, ఇంకా 276 మంది సాక్షులను విచారించవలసి ఉన్నదనీ గమనించి అతని బెయిలును నిలబెట్టింది. అక్కడ కూడా తలుపు తెరిచింది చట్టం కాదు, జాప్యం.