ముందు ఇటుక, వెనక కర్ర

పాత ఊళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఒక దురలవాటు ఉంటుంది. ఇంటి ముందు నిలబడి ఫొటో తీసుకోరు, పక్క సందులోకి దూరి గోడలు తడుముతారు. ఇంగ్లండు వచ్చాక నాకూ ఆ జబ్బే అంటుకుంది. దానికి తగ్గ ఊరు లడ్లో.

వేల్స్ సరిహద్దుకి దగ్గరగా, ష్రాప్‌షైర్‌లో ఉన్న చిన్న సంత ఊరు ఇది. రక్షిత కట్టడాలు మాత్రం 500 దాకా ఉన్నాయి. 1740ల్లో కట్టిన బట్టర్ క్రాస్ దగ్గర నిలబడితే బ్రాడ్ స్ట్రీట్ మొత్తం వాలుగా కిందికి దిగుతూ కనిపిస్తుంది. అటూ ఇటూ ఇటుక ముఖాలు, బారులు తీరిన తెల్ల కిటికీలు. చూడగానే 18వ శతాబ్దం అనేస్తాం. సందులోకి తిరిగి చూడండి. కొన్నిళ్లకి ఆ ఇటుక ముందువైపే. వెనకంతా అంతకుముందెప్పటిదో ఓక్ కర్రల చట్రం. కర్ర ఇల్లు పాత మోటు అయిపోయింది, పడగొట్టి కట్టాలంటే బోలెడు ఖర్చు. ముసలాయనకి కొత్త కోటు తొడిగినట్టు ముఖం మార్చి ఊరుకున్నారు.

ఆ చట్రాల దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. ఒక కర్ర కొసని సన్నగా చెక్కి, రెండోదాని బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క సీల కొడతారు. అతుకు పక్కన ఉలితో గీసిన రోమన్ అంకెలు కనిపిస్తే పండగే. ఇంటి చట్రాన్ని వడ్రంగి ముందు తన ఆవరణలోనే కూర్చి చూసుకుని, విప్పి, బండికెత్తేవాడు. ఏ కర్ర ఎక్కడిదో తెలియడానికే ఆ గుర్తులు. నిలువు, ఏటవాలు గీతలే కాబట్టి ఉలికి సులువు.

కొన్ని దూలాలకి పనికిరాని ఖాళీ బెజ్జాలుంటాయి. వెంటనే పక్కన ఎవరో ఒకరు, ‘అవి పాత ఓడల కర్రలండీ’ అంటారు. ఇంగ్లండులో ఏ ఊరెళ్లినా ఇదే కథ. సముద్రం ఆమడల దూరాన ఉన్న ఈ ఊరికి ఓడ దూలాలు ఎవరు మోసుకొస్తారు? పాత ఇల్లు విప్పి ఆ కర్రతోనే కొత్తిల్లు కట్టారనుకుంటే సరిపోతుంది. కాకపోతే ఓడంత గొప్పగా ఉండదు.

కోర్వ్ స్ట్రీట్ మొదట్లో ఫెదర్స్ హోటల్ ఉంది. ముందువైపు చెక్క మీద జానెడు జాగా వదలకుండా చెక్కడాలే. 1619లో రీస్ జోన్స్ అనే వకీలు తన కోసం చేయించుకున్న హంగు అది. ఇంత చిన్న ఊళ్లో వకీలుకి అంత రాబడి ఎక్కడిదంటే, ఊరి కోటలో కొలువుండే మండలి నుంచి. వేల్స్, సరిహద్దు జిల్లాల పాలన, వ్యాజ్యాలు అక్కడే నడిచేవి. 1689లో మండలిని రద్దు చేశారు. కోటని పట్టించుకునేవాళ్లు లేక కప్పులు పోయాయి.

ఇళ్ల చరిత్రలో నాకు కర్ర తర్వాత ఇష్టమైనది క్రయపత్రం. ఆ పాడుబడ్డ కోటని 1811లో 1,560 పౌండ్లకి రాజు ఆస్తుల్లోంచి కొన్నాయన పోవిస్ ప్రభువు. బిరుదు వింటే ఎవరో దొర అనుకుంటాం. అసలు పేరు ఎడ్వర్డ్ క్లైవ్, రాబర్ట్ క్లైవ్ పెద్ద కొడుకు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్లారి సీమల్ని కంపెనీకి ధారపోసినప్పుడు ఆ దత్తమండలాలు వచ్చి చేరింది ఈయన ఏలుబడిలోకే. వాటికి కలెక్టరుగా వెళ్లిన మన్రో పేరు మన పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. గవర్నరు పేరు ఎవరికీ గుర్తులేదు. కోట మాత్రం నేటికీ పోవిస్ ఎస్టేటు చేతుల్లోనే ఉంది, టికెట్టు కొనుక్కుని లోపలికెళ్లాలి.