బొమ్మ తుపాకీకి బలమెక్కడిది?

వరంగల్లు కొత్తవాడ అనగానే జంపఖానాలు జ్ఞాపకం వస్తాయి. పడుగు బిగించి, పేక దూర్చి, పంజాతో దిగగొట్టి నేసే ఈ జంపఖానాలకు 2018లో ‘వరంగల్ డర్రీలు’ అనే పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. చేతిమగ్గం, మరమగ్గం అనే మాటల భేదం ఆ పేటలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. రెంటిలోను పడుగు విడివడాలి, పేక దాని నడుమ సాగాలి, సాగిన పేక దగ్గరకు చేరాలి. గుడ్డ తయారయ్యే తీరు ఒక్కటే. శక్తి ప్రవేశించే చోటు మాత్రం వేరు: ఒకదానికి నేతగాని కాళ్ళు, చేతులు, రెండవదానికి విద్యుత్తు.

మగ్గం విషయంలో ఇంత తేటగా ఉన్న ఈ వివేకం బొమ్మ తుపాకుల విషయంలో కనిపించదు. ‘ఎయిర్‌సాఫ్ట్’ అనే పేరుతో చెలామణి అవుతున్న తుపాకులు 1970ల దశాబ్దంలో జపానులో పుట్టినవి. ఇవి సాధారణంగా 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లను విసురుతాయి. వీటిని స్ప్రింగు తుపాకీ, విద్యుత్ తుపాకీ, గ్యాసు తుపాకీ అని మూడు తెగలుగా చెప్పడం పరిపాటి. కొనేవానికి ఈ విభజన ఉపయోగపడుతుంది. దేనికి బ్యాటరీ కావాలో, దేనికి గ్యాసు నింపాలో తెలిసిపోతుంది. కాని భౌతికశాస్త్ర విద్యార్థికి ఇది చాలదు సరికదా, కొంత తప్పుదారి కూడ పట్టిస్తుంది.

మొదటి దోషం పేర్లలోనే ఉన్నది. స్ప్రింగు తుపాకీలో చేయి స్ప్రింగును నొక్కిపెడుతుంది. మీట లాగగానే స్ప్రింగు విడివడి ముషలకాన్ని ముందుకు తోస్తుంది. ముషలకం గాలిని అదుముతుంది. అదిమిన గాలి గుండును నెడుతుంది. జాతరలో బుడగలను కాల్చే తుపాకీని మధ్యకు విరిచి మూయడంలో జరిగే పని కూడ ఇదే. మరి విద్యుత్ తుపాకీ సంగతి ఏమిటి? 1991లో టోక్యో మారుయి సంస్థ ప్రవేశపెట్టిన ఈ తరహాలో బ్యాటరీ మోటారును, మోటారు పళ్ళచక్రాలను తిప్పుతాయి. ఒక చక్రానికి కొంతభాగంలోనే పళ్ళుంటాయి. పళ్ళున్నంతమేర ముషలకం వెనుకకు పోయి స్ప్రింగు నొక్కుకుంటుంది. పళ్ళు లేని భాగం రాగానే స్ప్రింగు విడివడుతుంది. తక్కిన కథ అంతా మొదటిదే. అనగా విద్యుత్ తుపాకీ కూడ స్ప్రింగు తుపాకీయే. చేయి చేసే పనిని మోటారు చేస్తున్నది, మరమగ్గంలో వలెనే. ‘స్ప్రింగు’ అన్నది శక్తి నిలువ ఉండే చోటు. ‘విద్యుత్తు’ అన్నది శక్తి వచ్చే చోటు. రెంటినీ ఒకే వరుసలో నిలబెట్టడం కొలపాత్రను, బావిని ఒకే జాతిగా లెక్కించడం వంటిది.

రెండవ దోషం ‘గ్యాసు’ అనే మాటలో ఉన్నది. ఇందులో వాడేది చాలవరకు ప్రోపేను, లేదా కార్బన్ డయాక్సైడు. ప్రోపేను వంటగ్యాసులోనూ ఉండేదే కనుక, అది తుపాకీలో మండి గుండును తోస్తుందని విద్యార్థులు అనుకోవడం సహజం. అక్కడ మంట లేదు. ఒత్తిడిలో ద్రవంగా ఉన్న ప్రోపేను ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి వ్యాకోచించి గుండును నెడుతుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణం ఆ పాత్రనుండి, పరిసరాలనుండి వస్తుంది. అందుకే వరుసగా కాలిస్తే పాత్ర చల్లబడి, దెబ్బ బలహీనమవుతుంది.

దీనినిబట్టి మరొక సంగతి తేలుతుంది. ప్రోపేను ఆవిరి పీడనం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 8 వాతావరణాలు. 40 డిగ్రీల వద్ద సుమారు 13 వాతావరణాలు. వరంగల్లు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కార్బన్ డయాక్సైడుకైతే 31 డిగ్రీలే సందిగ్ధ ఉష్ణోగ్రత. అది దాటితే ఎంత అదిమినా ద్రవంగా నిలువదు. కనుక గ్యాసు తుపాకీ వేగమింత అని చెప్పి, ఉష్ణోగ్రత చెప్పకపోవడం సగం కొలతే. సంక్రాంతినాటి తుపాకీ, రోహిణికార్తెనాటి తుపాకీ ఒకటి కావు. పోటీ తుపాకులలో కార్బన్ డయాక్సైడు వెనుకబడి, అదిమిన గాలి ముందుకు రావడానికి ఈ చాంచల్యం ఒక కారణం. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యపతకం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేవి ఇట్టి తుపాకులే. సిలిండరులో అధిక పీడనంలో ఉన్న గాలిని ఒక నియంత్రకం తగ్గించి, ప్రతిసారీ ఒకే పీడనంతో అందిస్తుంది.

మూడవ దోషం తక్కిన రెంటికంటె పెద్దది. ఈ పేర్లు అపాయాన్ని మరుగుపరుస్తాయి. ‘స్ప్రింగుదే కదా’ అనే తేలికభావం ఇండ్లలో వినబడుతుంది. 0.2 గ్రాముల గుండు సెకనుకు 90 మీటర్ల వేగంతో పోతే దాని గతిజశక్తి 0.81 జౌలు. ఆ శక్తి చేతినుండి వచ్చినా, బ్యాటరీనుండి వచ్చినా, గ్యాసునుండి వచ్చినా కంటికి తగిలే దెబ్బ ఒక్కటే. కిలో బరువును 8 సెంటీమీటర్లు ఎత్తే శక్తి అది. చూడబోతే స్వల్పమే, కాని 6 మిల్లీమీటర్ల వెడల్పులో కేంద్రీకరించినపుడు చూపు పోగొట్టడానికి చాలును. చట్టాలు సైతం తెగను అడగవు, శక్తిని అడుగుతాయి. జపాను 2006లో ఈ బొమ్మలకు ఒక జౌలుకు కొద్దిగా లోపలనే హద్దు పెట్టింది. భారతదేశపు 2016 ఆయుధ నిబంధనలు గాలితుపాకులకు 20 జౌళ్ళను గీటుగా తీసుకున్నాయి.

అయితే ఈ విభజనను పారవేయనక్కరలేదు, సరిదిద్దితే చాలు. తరగతిలో ఏ తుపాకీ ప్రస్తావన వచ్చినా మూడు ప్రశ్నలు వరుసగా వేయవచ్చును: శక్తి ఎక్కడనుండి వచ్చింది? ఎందులో నిలువ ఉన్నది? చివరకు గుండును నెట్టినదేది? మూడవ ప్రశ్నకు అన్నిటికీ జవాబు ఒక్కటే: అదిమిన వాయువు. బస్తరు గోంచా పండుగలో కాయలను పేల్చే వెదురు తుపాకీకీ అదే జవాబు. దీనిని చూపడానికి బడికి తుపాకీ తేవలసిన పని లేదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో మూసి కాడను నొక్కితే, అదిమిన గాలి ఎదురుతన్నడం, గొట్టం వెచ్చబడడం విద్యార్థులకే తెలుస్తాయి. మగ్గాన్ని చూచి శక్తి ద్వారాన్ని గుర్తుపట్టగల పిల్లలకు, పెట్టెమీది పేరును దాటి చూడడం కష్టమేమీ కాదు.