శైశవ విశ్వాసము - అద్భుత రసము : ట్రహర్న్ శతకముల పరిశీలనము

మత్తయి సువార్త 18వ అధ్యాయమున ఒక సన్నివేశము కలదు. పరలోక రాజ్యమున గొప్పవాడెవడని శిష్యులు ప్రశ్నింపగా, క్రీస్తు ఒక బిడ్డను పిలిచి వారి నడుమ నిలిపి, మార్పునొంది బిడ్డలవంటివారు కానిచో ఆ రాజ్యమున ప్రవేశమే లేదని బోధించెను. ఇచట చెప్పబడిన శైశవ మెట్టిది? అది అజ్ఞానమా? లోకానుభవము లేమిచే కలిగిన అమాయికతయా? లేక జ్ఞానానుభవములకు పిమ్మట మానవుడు సాధింపవలసిన మరియొక స్థితియా? ఈ ప్రశ్న మతాచార్యులకు మాత్రమే చెందినది కాదు. విస్మయము స్థాయీభావముగా గల రసమొకటి మన లాక్షణికుల గణనలో నున్నది గనుక, సాహిత్య విమర్శకును ఇందు ప్రసక్తి కలదు. పదునేడవ శతాబ్దపు ఆంగ్ల భక్తికవి థామస్ ట్రహర్న్ రచించిన ధ్యాన శతకముల నాధారముగా గొని ఈ విషయమును విచారింతుము.

ట్రహర్న్ 1637 ప్రాంతమున హెరిఫర్డు పట్టణమున పాదరక్షలు చేయు వృత్తివాని యింట జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, 1657లో క్రెడెన్‌హిల్ అను గ్రామమున దైవసేవకుడుగా నియుక్తుడయ్యెను. 1674లో కాలధర్మము నొందెను. అతని ముఖ్య రచనములు రెండు శతాబ్దములకు పైగా అజ్ఞాతముగనే యుండెను. 1896-97 ప్రాంతమున లండను వీథులలో పాత పుస్తకము లమ్ముచోట ఈ వ్రాతప్రతులు లభించినవి. మొదట అవి హెన్రీ వాన్ అను కవివని తలచిరి. బెర్‌ట్రమ్ డోబెల్ పరిశోధించి, కర్త ట్రహర్న్ అని నిర్ణయించి, 1903లో పద్యములను, 1908లో ధ్యాన శతకములను ప్రకటించెను. మరియొక వ్రాతప్రతి 1967 ప్రాంతమున లంకషైరులో కాలుచున్న చెత్తకుప్పనుండి తీయబడినది. 1997లో కూడ అతని రచనలు మరికొన్ని బయల్పడినవి. ఇంకొక గడియ ఆలసించిన బూడిద కావలసిన గ్రంథము నేడు విద్వాంసుల చేతులలో నున్నది. గ్రంథపరిష్కరణ మెంత పవిత్రకార్యమో తాళపత్రముల నెరిగిన మనకు వేరుగ చెప్ప నక్కరలేదు.

ఈ గ్రంథము పేరులోనే మనకొక చుట్టరికము గోచరించును. నూరేసి ధ్యానములుగల నాలుగు శతకములు, పది ధ్యానములతో నిలిచిపోయిన అయిదవ శతకము, వెరసి నాలుగు వందల పది ఖండికలు. యూరపు భక్తివాఙ్మయమున ఈ శతక పద్ధతి ప్రాచీనమైనదే. మన శతకమునకు ప్రాణమైన మకుటము ఇందు లేదు, ఛందస్సు లేదు, ఇది గద్యము. మన శతకకర్త సామాన్యముగా దైవమును సంబోధించును; ట్రహర్న్ బహుళముగా ఒక మిత్రుని సంబోధించును. అయినను ప్రతిఖండిక ముక్తకమువలె స్వయంపూర్ణమగుట, కవి యాత్మ దాపరికము లేక పలుకుట అను రెండు గుణములచే ఇది మన శతకమునకు దూరమైనది కాదు.

మూడవ శతకమున కవి తన బాల్యమును వర్ణించెను. పండిన గోధుమచేలు ఆదినుండియు అట్లే నిలిచియున్నవనియు, వీథిలోని దుమ్మును రాళ్లును బంగారమువలె విలువగలవనియు, ఆడుకొను పిల్లలు కదలాడు రత్నములనియు ఆ బాలునికి తోచినదట. ఇందు మహిమలు లేవు, దేవతా దర్శనములు లేవు. ఉన్నది ఊరు, వీథి, చేను మాత్రమే.

ఇచటనే రసశాస్త్ర సంబంధమైన చిక్కు పుట్టుచున్నది. భరతుడు అద్భుతమునకు దివ్యజన దర్శనము, కోరిన కోరిక ఫలించుట, మాయ, ఇంద్రజాలము మొదలగువానిని విభావములుగా చెప్పెను. అనగా సామాన్యమును మించినదే విస్మయ హేతువు. అద్భుతమునకు ఉదాహరణ మిమ్మని తరగతిలో అడిగినపుడు విద్యార్థులు తరచుగా పోతన భాగవత దశమస్కంధమునందలి మృద్భక్షణ ఘట్టమునే చూపుదురు. మన్ను తినిన బాలకృష్ణుని నోట యశోద సమస్త విశ్వమును గాంచెను. అది కలయో, వైష్ణవమాయయో తెలియక నివ్వెరపోయెను. ఈ ఘట్టమున ఆలంబనము శిశువు, ఆశ్రయము తల్లి. బెత్లెహేము పశువులశాలలో పవళించిన శిశువును చూచి గొల్లలు ఆశ్చర్యపడిన ఘట్టమునందును ఇదియే యమరిక. మత్తయి 18వ అధ్యాయము ఈ యమరికను తలక్రిందులు చేయుచున్నది. అచట శిశువు చూడబడువాడు కాడు; చూచువాడు. విస్మయమునకు శిశువే ఆశ్రయము, సామాన్య ప్రపంచమే ఆలంబనము. ట్రహర్న్ శతకములకు ఈ మార్పే మూలసూత్రమని మా యభిప్రాయము.

మరియొక భేదమును గమనింపదగును. యశోద విస్మయము క్షణికము. మాయ మరల కప్పగా ఆమె బాలుని ఒడిలోనికి దీసికొని తల్లి యగును. అద్భుతము వాత్సల్యమున లీనమగును. ఆ ఘట్ట సౌందర్యమంతయు ఆ లయమునందే యున్నది. ట్రహర్న్ కోరినది అట్టి క్షణిక స్ఫురణము కాదు. విస్మయమే నిత్యజీవన మార్గము కావలెనని అతని కోరిక. అద్భుతమే రసములన్నిటికిని సారమని విశ్వనాథుని సాహిత్యదర్పణమున పేర్కొనబడిన నారాయణ పండితుని మతము కావ్యమునకు సంబంధించినది. ట్రహర్న్ దానివంటి మాటనే జీవితమునకు అన్వయించి చెప్పినట్లున్నది.

ఈ దృష్టి ఎట్లు నశించినది? అగస్టీను తన ఆత్మకథ మొదటి భాగమున, పాలు త్రాగు తోటిబిడ్డను చూచి ఈర్ష్యతో వివర్ణమైన శిశువును వర్ణించి, పాపబీజము శైశవమునందే కలదని చూపెను. ట్రహర్న్ జన్మపాపమును నిరాకరింపలేదు. కాని మన యంధత్వమునకు పుట్టుకకన్న లోకాచారమే అధికముగా కారణమని వాదించెను. పెద్దలు దేనిని మెచ్చుదురో బిడ్డ దానినే మెచ్చ నేర్చుకొనును. మెరుగుబొమ్మలు, మంచి యంగీ, చేతిలోని నాణెము గొప్పవని వినగా వినగా, ఆకాశమును సూర్యుడును వెలలేనివి గనుక విలువలేనివైపోవును. విస్మయము చచ్చుట వయస్సుచే కాదు, బోధచే అని దీని తాత్పర్యము. బోధనమే వృత్తిగా గల మనకు ఇది సుఖముగా వినదగిన మాట కాదు.

ఒక పొరపాటు నిచట ఒప్పుకొనవలసి యున్నది. మొదట ఈ గ్రంథమును చదివినపుడు, పోయిన బాల్యమునకై విలపించు రచనగనే మేము దీనిని గ్రహించితిమి. వర్డ్స్‌వర్తు 1807లో ప్రకటించిన అమరత్వ గీతితో దీనిని జతచేసి విద్యార్థులకు బోధించితిమి కూడ. మూడవ శతకమును మరల శ్రద్ధతో చదివినపుడు ఆ యభిప్రాయము నిలువలేదు. శైశవమున సహజముగా తెలిసినదానినే, దానినుండి భ్రష్టుడైన పిదప, అత్యున్నతమైన వివేచనచే మరల సంపాదించితినని కవి స్పష్టముగా చెప్పుచున్నాడు. ఇది విలాపము కాదు, సాధన వృత్తాంతము. మొదటి శైశవము ఈశ్వరదత్తము. రెండవది బుద్ధిపూర్వకముగా సాధింపబడినది. నేర్చిన తప్పును విడుచుట కూడ ఒక విద్యయే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయమున, దుష్టత్వము విషయమున శిశువులుగాను, బుద్ధి విషయమున పెద్దలుగాను ఉండవలెనని చెప్పిన దాని కిది విరుద్ధము కాదు, దానికి వ్యాఖ్యానమే.

ఇట్టి విస్మయము దుఃఖ మెరుగనివాని యుల్లాసమని ఆక్షేపింపవచ్చును. అతని బాల్యమంతయు అంతర్యుద్ధ కాలము. 1645లో హెరిఫర్డు పార్లమెంటు సేనల వశమయ్యెను. మబ్బు గ్రమ్మిన ఒక సాయంకాలము నిర్జనమైన పొలమున ఒంటరిగా నిలిచిన బాలుని శూన్యతయు భయమును క్రమ్ముకొనిన ఖండిక ఈ శతకమునందే యున్నది. విస్మయమునకు మారుముఖమైన భయము నతడు దాచలేదు. అయినను దోషము లేదని చెప్పజాలము. తన భీతిని చెప్పినంత సూక్ష్మముగా పరుల బాధను చెప్పలేకపోయెను. ఆనంద ప్రశంస కొన్నియెడల పునరుక్తి దోషమునకు గురియయ్యెను. చెప్పులు కుట్టువాని కుమారునికి నాణెము విలువలేనిదని తోచుట వేరు, ఆకలిగొన్నవానికి దానిని బోధించుట వేరు. ఆ భేదమును గ్రంథము తగినంతగా విచారింపలేదు. కాని తాను స్వల్పాదాయముతో, రొట్టెయు నీరును ఆహారముగా, తోలువస్త్రములతోనైనను బ్రతికి, కాలమంతయు ఆనందాన్వేషణమునకే వినియోగింప నిశ్చయించితినని అతడు చెప్పుటచే, ఈ దోషము కొంతవరకు పరిహృతమగుచున్నది.

ఆక్స్‌ఫర్డు చదువును గూర్చి అతడు కృతజ్ఞతతోనే వ్రాసెను. అచట పెక్కు విద్యలను నేర్చితినని చెప్పి, ఆనందమును ప్రత్యేకముగా బోధించు గురువు మాత్రము ఒక్కడును లేడని కొరతపడెను. అందరును అన్యుల వస్తువులను గూర్చి చదివినట్లు చదివిరేకాని తమవిగా భావింపలేదని అతని యాశయము. మూడున్నర శతాబ్దముల నాటి ఈ మాట నేటి మన శాఖలకును వర్తించును. అద్భుత రసమునకు విభావానుభావములను వల్లించి, పట్టపరీక్షలో ఉత్తీర్ణుడై, ఒక్క పద్యమునకైనను ఆశ్చర్యపడక వెడలిపోవు విద్యార్థి మన యెదుట ప్రతి సంవత్సరము ఉన్నాడు. ఆ నేరము విద్యార్థిది కాదు.

కావున క్రైస్తవ వాఙ్మయమునందలి శైశవ విశ్వాసము జ్ఞానమునకు వెనుకనున్న మెట్టు కాక ముందున్న మెట్టని, దానికి ఆలంబనము లోకోత్తర వస్తువు కాక నిత్యము కనుల యెదుటనున్న లోకమేయని ట్రహర్న్ శతకములవలన తేలుచున్నది. మన రసవిచారమున అద్భుతమునకు ఈ సామాన్యాలంబన భేదమును కూడ చేర్చి పరిశీలించుట యుక్తము. మన శతకములలోను, పదకీర్తనలలోను ఇట్టి తావులు ఎన్ని గలవో పరిశోధక విద్యార్థులు వెదకుదురు గాక.