ఫోన్‌లో మరో గది

మన ఇళ్లలో ఫోన్ ఒకరి పేరు మీద ఉంటుంది గానీ నలుగురి చేతుల్లో తిరుగుతుంది. పిల్లలకు యూట్యూబ్, నాయనమ్మకు వీడియో కాల్, గ్యాస్ బండ వచ్చినప్పుడు ఓటీపీ చదవడానికి ఎవరు దగ్గరుంటే వాళ్లు. పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు. మారిస్తే "ఏం దాస్తున్నావ్?" అంటారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మహిళలతో మాట్లాడి నిత్య సాంబశివన్ తదితర పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో కనిపించేది ఈ ఇరకాటమే. ఫోన్ ఇవ్వననడం కుదరదు కాబట్టి వాళ్లు యాప్‌లకు తాళాలు వేస్తారు, ఒక్కో మెసేజ్ ఏరి చెరిపేస్తారు, ఒక్కోసారి హిస్టరీ మొత్తం తుడిచేస్తారు.

ఆ రోజుల్లో చాలామందికి దొరికినవి ప్లే స్టోర్‌లోని యాప్ లాకర్లు. మీరు యాప్ తెరవగానే దాని మీద పిన్ అడిగే తెర ఒకటి కప్పడమే వాటి పని. తెర కింద యాప్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది. పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే జీతం పడిన సంగతి అందరికీ తెలిసిపోతుంది. కొన్నిటికైతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ నొక్కితే చాలు, తాళమే ఊడిపోయేది. పైగా ఆ కాపలా యాప్‌కు ఫోన్‌లో మనం ఏం తెరుస్తున్నామో చూసే అనుమతి కూడా మనమే ఇవ్వాలి!

2024 అక్టోబరులో పిక్సెల్ ఫోన్లకు అందిన ఆండ్రాయిడ్ 15లోని ప్రైవేట్ స్పేస్‌ను ఆ లాకర్ల పక్కన పెట్టి చూస్తే పనితనమంటే ఏమిటో తెలుస్తుంది. ఇది తెర కప్పదు, గోడ కడుతుంది. ఫోన్ లోపలే వేరే యూజర్ ప్రొఫైల్ ఒకటి తయారవుతుంది. నిజానికి ఒకే పరికరంలో పలువురు యూజర్లు ఉండే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో కొత్తేమీ కాదు. 2012లో టాబ్లెట్లకు, 2014లో ఫోన్లకు వచ్చింది. ఆఫీసు యాప్‌ల కోసం పెట్టే వర్క్ ప్రొఫైల్ కూడా ఈ కోవలోదే. పాత సామర్థ్యాన్ని ఇంటి అవసరానికి తిప్పుకోవడంలోనే ఇక్కడి తెలివంతా ఉంది.

లోపల పెట్టే యాప్ బయటి దానికి తాళం వేసినది కాదు, విడిగా వేసుకున్న మరో ప్రతి. దాని డేటా దానిదే. తాళం పడగానే ఆ ప్రొఫైల్ మొత్తం ఆగిపోతుంది. యాప్‌లు వెనకాల నడవవు, నోటిఫికేషన్ రాదు, ఇటీవల తెరిచినవాటి వరుసలో కనిపించవు, సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలోనూ ఉండవు. రహస్యం బయటపడేది ఎప్పుడూ తలుపులోంచే కాదు, ఇలాంటి కంతల్లోంచే ఎక్కువ. కట్టినవాళ్లు వాటిని ఒక్కొక్కటే వెతికి పూడ్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది గూగుల్ అకౌంట్ సంగతి. ఈ స్పేస్‌కు వేరే అకౌంట్ పెట్టుకోమని ఏర్పాటు చేసేటప్పుడే సలహా ఇస్తుంది. రెండు చోట్లా ఒకే అకౌంట్ ఉంటే లోపలి ఫోటోలు, మెయిళ్లు, క్యాలెండర్‌లో రాసుకున్న డాక్టర్ అపాయింట్‌మెంట్ సింక్ అయి దర్జాగా బయట కనిపిస్తాయి మరి. గోడ ఎంత గట్టిగా కట్టినా క్లౌడ్ మీదుగా కారిపోతుందని ముందే ఊహించినవాడికి దండం పెట్టాలి.

ఆ గది ఉన్నట్టే తెలియకుండా దాని గుర్తును కూడా దాచేయవచ్చు. అప్పుడు యాప్‌ల సెర్చ్‌లో దాని పేరు టైప్ చేస్తేనే దొరుకుతుంది. పేరు తెలిసినవాడు వెతికి పట్టుకున్నా తాళం తీయక తప్పదు.

దీనికి మనం చెల్లించే మూల్యం లేకపోలేదు. తాళం పడితే యాప్ ఆగుతుంది కాబట్టి మందుల వేళ గుర్తుచేసేవి, అత్యవసర కబుర్లు మోసేవి లోపల పెట్టకూడదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించినా, హానికరమైన యాప్ చొరబడినా లోపలిది బయటపడవచ్చని గూగుల్ సహాయ పేజీయే చెబుతోంది. కొత్త ఫోన్ కొంటే ఈ గది దానంతటది అక్కడికి నడిచి రాదు. అన్ని కంపెనీల ఫోన్లలోనూ ఇది ఇదే రూపంలో ఉండదు కూడా. సామ్‌సంగ్ వాళ్లకు ఎప్పటినుంచో సెక్యూర్ ఫోల్డర్ ఉంది.

యాపిల్ వాళ్ల దారి వేరు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో యాప్‌కు తాళం వేయవచ్చు, దాచేయనూవచ్చు. దాచినవి యాప్ లైబ్రరీ అడుగున హిడెన్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఏమీ దాచకపోయినా ఆ ఫోల్డర్ అక్కడే ఉంటుంది. కాబట్టి దాన్ని చూసినవాడికి లోపల ఏదైనా ఉందో లేదో అంతుబట్టదు. చిన్న పని, కానీ మనుషుల అనుమానం ఎలా పుడుతుందో ఎరిగినవాళ్లు చేసిన పని. అయితే స్క్రీన్ టైమ్‌లోనో బ్యాటరీ వాడకం జాబితాలోనో ఆ యాప్ పేరు తొంగిచూసే వీలు మిగిలింది. ఈ ఒక్క విషయంలో నా ఓటు ఆండ్రాయిడ్‌కే.

పిల్లవాడికి బొమ్మల వీడియో చూపించడానికి ఇంత హంగామా అక్కర్లేదు. ఫోన్‌ను ఒకే యాప్‌కు కట్టేసే యాప్ పిన్నింగ్ ఆండ్రాయిడ్‌లో, గైడెడ్ యాక్సెస్ ఐఫోన్‌లో ఉన్నాయి, అవి చాలు. 2012 నాటి ఈ రెండోది ఆటిజం ఉన్న పిల్లల్నీ దృష్టిలో పెట్టుకుని వచ్చింది. తెర మీద ఏ భాగం పనిచేయకూడదో అక్కడ వేలితో ఒక సున్నా చుడితే సరి, అంతమేర ఎంత తాకినా ఉలకదు పలకదు. వాట్సాప్‌లో ఒకటి రెండు సంభాషణలే దాచుకోవాలనుకుంటే 2023లో వచ్చిన చాట్ లాక్ ఉండనే ఉంది.

ప్రైవేట్ స్పేస్ పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. ఏర్పాటు చేసేటప్పుడు ఫోన్ తాళమే దీనికీ వాడాలా, కొత్తది పెట్టుకుంటారా అని అడుగుతుంది. తొందరలో మొదటిదానికే ఊ కొట్టేస్తాం. ఇంట్లో అందరికీ తెలిసిన పిన్నే దీనికీ పెడితే ఈ కట్టడమంతా దండగ. కొత్త పిన్ పెట్టండి, దీనికి మీ వేలిముద్ర ఒక్కటే ఇవ్వండి.