రుద్రమదేవి: తెరమీది కథయు శాసనములును

గుణశేఖరుగారు నిర్మించి దర్శకత్వము వహించిన "రుద్రమదేవి" చలనచిత్రము 2015 అక్టోబరులో వెలువడినది. 2021లో ఆ పేరుతోనే యొక ధారావాహిక స్టార్ మా వాహినిలో ప్రసారమై యింటింట ప్రవేశించినది. కాకతీయుల పాఠము చెప్పునపుడు బాలురకు మొదట తోచునది తెరమీది ఘట్టమే. కావున దీనిని చరిత్రదృష్టితోను పరీక్షింపవలసియున్నది. ఇచట చలనచిత్రమునే విచారించెదను.

చిత్రకథకు మూలస్తంభము రహస్యము. గణపతిదేవునకు కూతురు పుట్టిన సంగతి దాచి, ఆమెను మగబిడ్డగా పెంచుట, తుదకది బయల్పడుట, వీనినుండియే యుత్కంఠ పుట్టినది. వీరవేషమున అనుష్కగారి గాంభీర్యము మెచ్చదగినది. కాని యాధారములు వేఱు మాట చెప్పుచున్నవి. గణపతిదేవు డామెను పుత్రునిగా నెంచి రుద్రనామ మొసగినట్లు విద్యానాథుని ప్రతాపరుద్రీయమున గలదు. శాసనములలో నామె రుద్రదేవమహారాజు. పురుషనామ మామె పదవికి చిహ్నము. ఎవరిని మోసగించుటకును పెట్టినది కాదు. నిడదవోలు చాళుక్య వీరభద్రునకు భార్య యైన రాకుమార్తె స్త్రీయని సామంతు లెఱుగకుందురా? రహస్యము దాచుట సులభము. కూతురిని కొలువెదుట రాజుగా నిలుపుట కష్టము. చిత్రము సులభమైనదానినే చేపట్టినది.

కథను మార్కోపోలో చెప్పినట్లు కల్పించినారు. ఆ యాత్రికుడు తన గ్రంథమున నీ రాణిని గతించిన రాజునకు భార్యగా పొరబడినవాడు!

ఇక గోన గన్నారెడ్డి. ఇతడు మన పాలమూరు సీమవాడు; వర్ధమానపురము, అనగా నేటి నంది వడ్డెమాను, ఆ వంశమువారి రాజధాని. అడవి బాపిరాజుగారి నవల యితనిని గజదొంగగా చూపినది. చిత్రమును ఆ త్రోవనే త్రొక్కినది. అల్లు అర్జున్‌గారి నోట తెలంగాణపు పలుకుబడి వినుట మాకును ముచ్చటయే. అయినను ఓరుగల్లు కొలువంతయు వేఱొక తెలుగు పలుకుచుండ, ఈ నేల మాట దారిదోపిడికానికే దక్కనేల? 1294 నాటి రాయచూరు శాసనమున గన్నారెడ్డి ప్రతాపరుద్రుని సామంతుడు. ఆతని యాజ్ఞచేతనే విఠలనాథు డా కోట గట్టించెను. ఆ వంశపు ఆడపడుచు, తొలి తెలుగు కవయిత్రిగా పలువు రెన్ను కుప్పాంబిక, 1276లో భూత్పూరున శాసనము వేయించినది. రుద్రమ యేలుబడిలోనే తన మాట రాతిపై నిలిపిన యీమెకు చిత్రమున చోటు చిక్కలేదు.

చిత్రము విజయముతో ముగియును. రాణి యవసానమును దెలుపునది నల్లగొండ మండలమున నకిరేకల్లు చెంత చందుపట్ల శాసనము. కాకతి రుద్రమదేవియు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమున కేగగా, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యను భృత్యుడు సోమనాథదేవునకు భూమి నిచ్చినాడు. తేది 1289 నవంబరు 27. కాయస్థ అంబదేవునితోడి పోరున నామె మడిసినదని పరిశోధకుల యూహ. శాసనము యుద్ధముమాట యెత్తలేదు. రాణి మరణమును లోకమునకు దెలిపినది రాజకవి కాడు, ఒక భృత్యుడు. చిత్రమును బాలురకు చూపు నల్లగొండ యుపాధ్యాయులు, దూర మేమియు లేదు గనుక, వారి నొక దినమా రాతి కడకు గొనిపోయి యక్షరములు చదివింతురు గాక.