ప్రవరుని నిష్ఠ

మన వాఙ్మయమున పతివ్రతల కథలు కోకొల్లలు. భార్యయెడ భర్తకు గల నిష్ఠను పరీక్షించి చూపిన కావ్యములు మాత్రము బహుస్వల్పములు. ఏకనిష్ఠ స్త్రీకి విధియనియు, పురుషునకు ఇచ్ఛాధీనమనియు చిరకాలము నమ్మిన సంఘమున నిది వింత కాదు. శ్రీకృష్ణదేవరాయల (1509–1529) యాస్థానకవియగు అల్లసాని పెద్దన మార్కండేయపురాణకథను గైకొని, మనుచరిత్రమున నా పరీక్షను పురుషునకే పెట్టెను.

ఈ ఘట్టమును నేను పాఠము చెప్పునపుడెల్ల విద్యార్థులు ప్రవరుని జూచి నవ్వుదురు. హిమాలయమున, ఎవ్వరును చూడనిచోట, అచ్చర తానై వలచి రాగా త్రోసిపుచ్చినవాడు జడుడు గాక మరేమని వారి ప్రశ్న. లొంగుట మగవానికి సహజమనియు, లొంగకుండుట లోపమనియు మనకు తెలియకయే మనము పిల్లలకు నేర్పితిమనుటకు ఆ నవ్వే సాక్ష్యము.

ప్రవరుడు జడుడు కాడు. పాదలేపము కరగి త్రోవ తప్పినవేళ నతడు తల్లిదండ్రులను, భార్యను, శిష్యులను, అతిథులను, అగ్నులను తలచి కలగెను. ఇల్లాలి వేదనను దూరమునుండి యూహింపగలవానికి హృదయము లేదనుట యెట్లు?

అయినను లోపము లేకపోలేదు. అగ్నిదేవుని ప్రార్థించునపుడు పరదారను, పరధనమును ఒక్క వరుసనుంచి, వానిని గోరని తన శుద్ధినే యతడు ప్రమాణముగా జూపెను. భార్యయెడ తనకు గల ప్రేమ యచట మాటకు రాలేదు. ఇల్లు చేరిన ప్రవరుని విడిచి కవియు వరూధిని విరహమునకే మరలెను. కావున నా నిష్ఠ భర్త శుద్ధికి కంచెగా గనబడినంతగా, భార్యకు చెల్లవలసిన ఋణముగా గనబడదు.

కాని కథాశేషము మనకొక సత్యమును దెలుపుచున్నది. మున్ను వరూధినిచే తిరస్కృతుడైన గంధర్వుడు ప్రవరుని రూపమున రాగా నామె వానినే ప్రవరుడని నమ్మి చేరెను. వంచన గంధర్వునిదే, ఆమెను నిందింప బనిలేదు. అయినను మోహమునకు పోలిక చాలునని తేలినది. నిష్ఠకు పోలిక చాలదు. అంతకు మిక్కిలి సౌందర్యమును చాలదు. ఆ యొక్క మనిషియే కావలెను.

భార్యనుండి ఏకనిష్ఠను గోరు ప్రతి భర్తయు ఈ ద్వితీయాశ్వాసమును చదివి, సాక్షి లేనిచోట తానేమి చేయునో తన్ను దానే యడిగికొనవలెను. ఆ ప్రశ్నకు నవ్వు సమాధానము కానేరదు.